జానెడు పదం

"ఇప్పుడు మన పల్లెల్లో తరతరాలుగా పాడుకుంటున్న ఒక జానపద గీతానికి మన చిన్నారుల నృత్యం" అని మైకులో చెప్పినప్పుడు, ఆ పాట కట్టినాయన నా పక్క కుర్చీలో కూర్చుని ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు. తరతరాలు అన్న మాట దగ్గర ఆయన చెయ్యి కాస్త ఆగింది. మళ్ళీ తిప్పి, కాఫీ మూతలోకి వంచుకుని తాగారు. ఆయనకి ఉన్నది ఒక కూతురు, ఒక మనవరాలు. ఆయన పాట ఎరిగిన తరాలు అంతే. ఆ మనవరాలు చంకన ప్లాస్టిక్ బిందె పెట్టుకుని అప్పుడే వేదిక ఎక్కుతోంది.

బ్లాక్‌టౌన్ దగ్గర ఒక కమ్యూనిటీ హాల్లో మా సిడ్నీ తెలుగు సంఘం వాళ్ళ ఉగాది అది. అసలు ఉగాది వెళ్ళి మూడు వారాలైంది. కాని హాలు ఖాళీ దొరికిన ఆదివారమే మాకు ఉగాది. ఇక్కడ పంచాంగం కంటే బుకింగ్ గట్టిది.

స్పీకర్లలోంచి డప్పులు, ఈలలు. పిల్లలు తెడ్లు వేస్తున్నట్టు చేతులు ఊపారు, బిందెలు తిప్పారు, గెంతారు. ముందు వరసల్లో తల్లిదండ్రుల ఫోన్లు లేచాయి. అయిపోయాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

నాకు ఒళ్ళు మండింది. నా ఒళ్ళు మండటానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మా ఆవిడ అంటుంది. టోస్టర్ కంటే తొందరగా వేడెక్కుతానట, రొట్టె మాత్రం ఎన్నడూ కాల్చలేదట. ఆ రోజు మాత్రం కాలుద్దామనే లేచాను.

ఆయన్ని మేము మాస్టారు అనేవాళ్ళం. మా గోదావరి వైపు ఊళ్ళలో నేను కాలేజీలో చదివే రోజుల్లో మాస్టారి గేయనాటకం అంటే టౌన్‌హాలు కిటికీల మీద కూడా మనుషులు కూర్చునేవాళ్ళు. గేయనాటకం అంటే మొదటి నుంచి చివరి దాకా విడిగా ఒక్క మాట ఉండదు, అంతా పాటే. కోపం వచ్చినా పాడాలి, దాహం వేసినా పాడాలి. ఇంగ్లీషువాళ్ళు దాన్నే ఒపెరా అంటారు. బాణీలన్నీ మాస్టారివే, పాటల్లో మాటలు కూడా చాలామటుకు ఆయనవే. ఆయన హోటల్లోకి వస్తే కాఫీ ముందే బల్ల మీద ఉండేది. ఆయన హార్మోనియం మోయడానికి పెద్ద పెద్ద ఆఫీసర్లు పోటీ పడేవాళ్ళు.

నేనూ పాడతానని వెళ్ళాను. నా చేత సా అనిపించారు. విన్నారు. "నాయనా, నీ గొంతులో గాలి బాగా ఉందోయ్" అని, నన్ను తెర వెనక శ్రుతిపెట్టె దగ్గర కూర్చోబెట్టారు. నాటకం నడిచినంతసేపూ తిత్తి ఊదుతూ ఆ ఒక్క శ్రుతీ ఆగకుండా చూడటం నా ఉద్యోగం. సంగీతానికి నేను చేసిన సేవ అంతా గాలే. అందుకే నాకు గాలబ్బాయ్ అని పేరు పెట్టారు. నా తర్వాతి జీవితానికి కూడా ఆ పేరు సరిగ్గానే సరిపోయింది. ఇప్పుడు ఎయిర్ కండిషనర్ల కంపెనీలో పని చేస్తున్నాను.

ఆయన నాటకాలన్నిటిలోకీ జనం వెర్రెత్తిపోయింది ఒక పడవవాడి కథకి. వరదొచ్చిన రాత్రి పడవవాడు ఊరినంతా విడతలు విడతలుగా మెరక ఒడ్డుకి చేరుస్తాడు. చివరికి తనవాళ్ళ కోసం వెనక్కి తిరుగుతాడు. నది మధ్యలో తెడ్డు ఆపి, తన ఇల్లున్న ఒడ్డుకేసి "ఓహోయ్" అని పిలుస్తాడు. పిలిచాక చెవికి చెయ్యి అడ్డుపెట్టి వింటాడు. అక్కడ మాస్టారు అన్నీ ఆపేశారు. మృదంగం లేదు, వయొలిన్ లేదు, ఆయన హార్మోనియం లేదు. శ్రుతి ఒక్కటే మోగుతుంటుంది. జవాబు రాదు. ఇక రాదని పడవవాడికీ, మనకీ తెలిసేంతసేపు అలాగే ఉంటుంది. తర్వాత తెడ్డు పడుతుంది. ఈసారి పాట అదే, నడక మాత్రం సగం.

ఆ ఖాళీలో హాలంతటికీ వినబడేది నా గాలి. గేయనాటక చరిత్రలో నా పాత్ర ఇదీ.

మా వైపు నాటకాలకి వన్స్ మోర్ అలవాటు ఉంది. పద్యం నచ్చితే అది మళ్ళీ పాడేదాకా జనం కూర్చోరు. ఒకసారి మా పక్క ఊళ్ళో జనం ఆ ఖాళీకి వన్స్ మోర్ అడిగారు. పాటకి కాదు, ఖాళీకి. పడవవాడు వేసేవాడికి ఏం చెయ్యాలో తెలియక తెర పక్కకి చూశాడు. మాస్టారు నాకేసి చూశారు. నేను తిత్తి అందుకున్నాను. అతను మళ్ళీ ఓహోయ్ అన్నాడు. హాలంతా మళ్ళీ ఊపిరి బిగపట్టింది. మాస్టారి పేరు గురించి ఎవరైనా నన్ను అడిగితే ఇదొక్కటే చెప్తాను.

తర్వాత టీవీలొచ్చాయి. పడవవాడు బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద పోయాడు, పడవ గోదాములో చెదపట్టింది. పడవ పాట మాత్రం జనంలోకి పోయింది. పెళ్ళి బ్యాండు వాళ్ళు వాయించారు, ఓ సినిమా వాళ్ళు ఎత్తుకుని జానపదం అని వేశారు, డీజేలు డప్పులు కలిపారు. పాట పెద్దదైన కొద్దీ మనిషి చిన్నవాడయ్యారు. మూడు గంటల నాటకంలోంచి చివరికి జానెడు పదం మిగిలింది. దాన్ని జానపదం అనడంలో ఆ మటుకు న్యాయం ఉంది.

నేను సిడ్నీ వచ్చి స్థిరపడ్డ చాలా ఏళ్ళకి ఆయన కూతురి దగ్గరికి క్వేకర్స్ హిల్ వచ్చారు. హారిస్ పార్క్‌లో సరుకుల కొట్టులో, గడ్డకట్టిన ములక్కాడల పొట్లం పట్టుకుని, అందులోవి ములక్కాడలేనా అని వెలుగులోకి ఎత్తి చూస్తుండగా నేను పలకరించాను. నేనెవరినో చెప్పుకోక ముందే, "నువ్వు మా గాలబ్బాయివి కదుటోయ్" అన్నారు. నా బట్టతలలో ఏం చూసి గుర్తుపట్టారో.

కూతురు ఆయన్ని ఒపెరా హౌసుకి తీసుకెళ్ళిందట. దాని సంగతి నాకు ఇలా చెప్పారు. "ఆపరా హౌసు చూశానోయ్. నాటకాలు ఆడినన్నాళ్ళూ మా నాన్న దగ్గర్నుంచి మునిసిపాలిటీ దాకా అందరూ నన్ను ఆపరా అన్నవాళ్ళే. ఆ మాటకి ఇంత తెల్లగా, ఇంత పెద్దగా ఇల్లు కట్టింది మాత్రం ఇక్కడే."

ఇదీ మనిషి. ఈ మనిషిని పక్కన పెట్టుకుని, తరతరాలట.

వేదిక పక్కన కల్చరల్ సెక్రటరీ దొరికాడు. వరంగల్ కుర్రాడు. మెల్‌బోర్న్‌లో క్లేటన్‌లో యూనివర్సిటీలో చదివి, ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. మంచివాడే. సంఘంలో బల్లలు మోసేది అతనొక్కడే. అయినా ఆ నిమిషానికి నా కళ్ళకి మంచివాడిలా కనపడలేదు.

"తమ్ముడూ, ఆ పాట జానపదం కాదు. మాస్టారు కట్టింది."

"ఏ మాస్టారన్నా?"

"అదుగో, మూడో వరసలో కాఫీ తాగుతున్నారు."

"ఆ అంకులా? పాప వాళ్ళ తాత కదా. హార్మోనియం ప్లే చేస్తడని తెల్సు. పాట మాత్రం ఫోక్ అన్నా. యూట్యూబ్‌ల ఫోక్ అనే ఉంటది, చూస్కో."

"యూట్యూబ్ పుట్టకముందు పుట్టిందయ్యా ఆ పాట."

"గదే కదన్నా నేను చెప్తున్నది. గంత పాతదంటే ఫోకే."

దీనికి జవాబు నేను ఇప్పటికీ స్నానం చేస్తున్నప్పుడు కూడా వెతుకుతున్నాను.

"పెద్దాయన బతికున్నారు తమ్ముడూ. నీ ఎదురుగా ఉన్నారు. పేరు ఒక్కసారి చెప్పించు, చాలు."

"అన్నా, ప్రోగ్రాం ఆల్రెడీ లేట్ నడుస్తున్నది. ఫుడ్ వచ్చేసింది, హాల్ ఖాళీ చెయ్యాలె. నువ్వు టెన్షన్ పడకు. నేను చెప్పిస్త కదా."

నిజంగానే చెప్పించాడు. ఇంకో రెండు ఐటెంలయ్యాక మైకు పట్టుకున్న అమ్మాయి నవ్వుతూ, "ఇందాకటి జానపద గీతాన్ని పల్లె పల్లె తిరిగి సేకరించిన అంకుల్ ఈరోజు మన మధ్యే ఉన్నారు. ఒక్కసారి లేచి నిలబడండి అంకుల్" అంది.

సేకరించిన. కన్నతండ్రిని పిలిచి, బిడ్డని పెంచుకున్నందుకు సన్మానం చేసినట్టుంది. స్వరకర్త కాస్తా సేకరణకర్త అయ్యారు. ఇక మిగిలింది కర్మ. అది నాది. చెప్పించమన్నది నేనే కదా.

మాస్టారు లేచి, నాలుగు వైపులా తిరిగి నమస్కారం పెట్టి కూర్చున్నారు. నాకు ఈసారి కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. అందుబాటులో ఉన్నందుకు ఆయన మీదే తెచ్చుకున్నాను.

కూతురు డ్యూటీలో ఉండటంతో తాతనీ మనవరాలినీ ఇంటి దగ్గర దింపడం నా వంతు. మాస్టారు ముందు సీట్లో, పిల్ల వెనక సీట్లో బిందె ఒళ్ళో పెట్టుకుని.

"మీరెందుకు లేచి దండం పెట్టారు మాస్టారూ? మీ పాటని మీరు ఏరుకొచ్చారట. విన్నారా?"

"చెవులు బానే ఉన్నాయోయ్."

"కోపం రాలేదా మరి?"

"పిలిచారు, లేచాను. వయసైపోయినవాడు లేవడమే గొప్ప."

వెనక నుంచి పిల్ల అందుకుంది. "బట్ తాతా, ఇట్స్ ఎ ఫోక్ సాంగ్. మిస్ సెడ్ నోబడీ రోట్ ఇట్."

"ఆ నోబడీని నేనేనమ్మా" అన్నారు మాస్టారు వెనక్కి తిరగకుండా.

పిల్ల నవ్వింది. తాత జోకేశారని దాని ఉద్దేశం. నేను స్టీరింగ్ పిసుకుతున్నాను. ఈ పిల్ల పెద్దదై, తాత ఎవరంటే హార్మోనియం ప్లే చేసే అంకుల్ అని చెప్తుంది. ఇంత నాటకానికీ చివరి తెర అదీ. ఆ మాటే పైకి అనేశాను. సంఘానికి రాస్తానన్నాను, మళ్ళీ మైకు ఎక్కిస్తానన్నాను, సినిమావాళ్ళని కూడా వదలనన్నాను. టోస్టర్ బాగా ఎర్రబడింది.

సిగ్నల్ దగ్గర ఆగాం. మాస్టారు నాకేసి తిరిగారు. "అది సరేగాని, ఆ ఖాళీలో డప్పు కొట్టినవాడు ఎవడోయ్?"

గొంతు పెంచలేదు. ఆ గొంతు నేను తెర వెనక ఒక్కసారి విన్నాను, మృదంగం అతను తాగి వచ్చినప్పుడు. మళ్ళీ ఇదే వినడం.

"నువ్వేమో ఇందాకట్నుంచి పేరు పేరు అని రొద. పేరు ఉంటే ఏవిటి, ఊడితే ఏవిటి? పడవవాడు ఓహోయ్ అని పిలిచాడు కదా. పిలిచినవాడికి జవాబు రాకూడదు. అది నాటకం. వీళ్ళు పిలవగానే డప్పులు, ఈలలు, కేకలు. ఒడ్డున ఊరంతా బతికే ఉంది, ఎదురొచ్చి డాన్సు చేస్తోంది. మరి వాడు ఏడవడం దేనికి? వరద దేనికి? నేను దేనికి?"

సిగ్నల్ పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"పాట జనం నోట్లో పడటం మంచిదే. నమిలేశారోయ్" అన్నారు.

అప్పుడు తెలిసింది, ఆ మధ్యాహ్నమంతా నేను పేరు కోసం పోట్లాడానని, ఆయన ఖాళీ కోసం కుమిలిపోతున్నారని. ఆ ఖాళీలో మోగాల్సిన గాలి నాది. అది లేదన్న సంగతి నేనే పట్టుకోలేదు. సంగీతంలో నా జ్ఞానం మొదటి రోజు ఆయన అంచనా వేసినంతే ఉంది.

"తాతా, వాట్ డజ్ హీ కాల్ ఫర్?" అంది వెనక సీటు.

"ఇంటికెళ్ళాక చెప్తా."

ఇంటికెళ్ళాక చెప్పారు, తర్వాతి శనివారాలూ చెప్పారు. గరాజులో, క్రిస్మస్ చెట్టు డబ్బాకీ పాత బార్బెక్యూకీ మధ్య హార్మోనియం పెట్టుకుని. శ్రుతికి నా ఫోన్లో యాప్ పెట్టాను. దాన్ని కాసేపు విని, "గాలే లేదు. నీ ఉద్యోగం పోయిందోయ్ గాలబ్బాయ్" అన్నారు. పిల్ల ఓహోయ్ అని, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"హౌ లాంగ్ డు ఐ వెయిట్, తాతా?"

"జవాబు వచ్చేదాకా."

"వెన్ డజ్ ఇట్ కమ్?"

"రాదు."

"దెన్ హౌ డు ఐ నో?"

"ఇంక రాదని తెలుస్తుంది. అప్పుడు తెడ్డు వెయ్యి."

పిల్ల మళ్ళీ పిలిచింది. మళ్ళీ తొందరపడింది. మళ్ళీ. పక్కింటివాళ్ళ కుక్క ఒకసారి జవాబు చెప్పింది. మాస్టారు దాన్ని కూడా కోప్పడ్డారు.

ఇదంతా రాస్తానని నేను గరాజులోనే చెప్పాను. "రాయి. నా పేరు మాత్రం వెయ్యకు" అన్నారు. ఎందుకన్నాను. "పేరు వేస్తే అయ్యో పెద్దాయన అని రెండు చుక్కలు రాల్చి, పేరు పట్టుకుని పోతారు. డప్పు అలాగే ఉంటుంది. ముందు నా ఖాళీ నాకు తెచ్చిపెట్టు. తర్వాత పేరు సంగతి చూద్దాం." అందుకే ఇందులో ఆయన పేరు లేదు. ఆయన పేరు లేనిచోట నాది దేనికని అదీ లేదు. పేరు చెప్పలేదని ఒకళ్ళని తిట్టి, ఆ పనే నేనూ చేస్తున్నందుకు ఇది రాస్తుంటే కూడా ఒళ్ళు మండుతోంది.

కొన్నాళ్ళకి కౌన్సిల్ వాళ్ళు, అంటే ఇక్కడి మునిసిపాలిటీ, ఒక స్కూలు హాల్లో అన్ని దేశాలవాళ్ళ పండగ పెట్టారు. మా సంఘం తరఫున మళ్ళీ అదే ఐటెం. డప్పు తీసేసిన ట్రాక్ వెయ్యమని డాన్సు టీచర్ని ముందే బతిమాలాను. పిల్లలు బీట్ లెక్కపెట్టుకుని నేర్చుకున్నారు, ఇప్పుడు మారిస్తే అంతా గందరగోళం అంకుల్ అంది. నాకంటే నాలుగేళ్ళు చిన్నదేమో. అంకుల్ అన్నందుకు కూడా కలిపి కోపం తెచ్చుకున్నాను.

ఈసారి మైకు సెక్రటరీ కుర్రాడే పట్టుకున్నాడు. ఇంగ్లీషులో "ఏన్షియంట్ ఫోక్ సాంగ్" అన్నాడు. తరతరాలు చాలక ప్రాచీనం కూడా అయ్యింది. నా పక్కన మాస్టారు ఫ్లాస్కు కాళ్ళ దగ్గర పెట్టేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు.

డప్పులు మొదలయ్యాయి. బిందెలు తిరిగాయి. స్పీకర్లలో ఓహోయ్ వచ్చింది. వెంటనే ఈలలు, డప్పులు మీదపడ్డాయి. పిల్లలందరూ గెంతారు. ఒక పిల్ల మాత్రం గెంతలేదు. ముందు వరస మధ్యలో చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, హాలు వెనక గోడకేసి చూస్తూ నిలబడింది. దాని రెండు పక్కలా బిందెలు ఎగురుతున్నాయి. తెర పక్క నుంచి టీచర్ చెయ్యి ఊపుతోంది. పిల్ల అటు చూడలేదు. వింటోంది.

నా చెయ్యి ఆగలేదు. ఫోన్ తీసి శ్రుతి యాప్ నొక్కి, పూర్తిగా పెంచాను. ఆ డప్పుల్లో అది ఎవరికి వినపడాలి? ముందు వరసావిడకి వినపడింది. వెనక్కి తిరిగి చూసింది. వేదిక పక్కన సెక్రటరీకి కూడా కనపడినట్టుంది. "ఫోన్స్ ఆన్ సైలెంట్ ప్లీజ్" అన్నాడు మైకులో. నేను ఆపలేదు. ఆ పాటలో నాకున్న పని అదొక్కటే.

కాసేపటికి పిల్ల తెడ్డు వేసింది. మిగతావాళ్ళు వేగంగా వేస్తుంటే ఇది సగం వేగంతో. ఐటెం అయిపోయింది. "ఇట్స్ ఓకే, అవర్ లిటిల్ వన్ ఫర్గాట్ హర్ స్టెప్స్, బిగ్ హ్యాండ్ ఫర్ హర్" అన్నాడు మైకులో. హాలంతా జాలిగా చప్పట్లు కొట్టింది. ఉగాది రోజు అందరికంటే ముందు కొట్టిన మాస్టారు ఈసారి కొట్టలేదు. చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి.

భోజనాల దగ్గర సెక్రటరీ కుర్రాడు తనే ప్లేటు పట్టుకొచ్చి మాస్టారికి ఇచ్చాడు. పిల్ల తాత చెయ్యి పట్టుకుని ఉంది. చెప్పానుగా, మంచివాడే. నా చేతి పిడికిలి మాత్రం ఆ సంగతి ఒప్పుకోవడం లేదు.

"ఫీల్ కాకండి అంకుల్. చిన్నపిల్ల, స్టేజి మీద మర్చిపోయింది. అయితది గట్ల."

"అవున్నాయనా" అన్నారు మాస్టారు. "ఎంతసేపు మర్చిపోయిందంటావు?"

"అబ్బే, ఎంతసేపు అంకుల్. జర్ర సేపే. ఎవరూ నోటీస్ కూడా చెయ్యలే."

మాస్టారు ప్లేటు నా చేతికిచ్చి, మనవరాలి వైపు వంగారు.

"విన్నావుటమ్మా? చాల్లేదు. ఈసారి ఇంకొంచెంసేపు మర్చిపోవాలి."